బుగేగు పోశెట్టి పేరు కోసం ఒక శుక్రవారం

సౌదీలో నాకు వారానికి దొరికేది ఒకే ఒక్క శుక్రవారం. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి అబ్‌ఖైఖ్ అనే ఊరికి ధారపోశాను. మీలో ఎవరికైనా ఆ ఊరు చూడాలని బుద్ధి పుడితే కింద రాసినదంతా పనికొస్తుంది. బుద్ధి పుట్టకపోతే ఇంకా మేలు, ఇంట్లో పడి నిద్రపోవచ్చు.

నాది కడప జిల్లా, పేరు ఖాజా. దమ్మామ్‌లో భవనాలకు మరమ్మతులు చేసే ఒక కంపెనీలో స్టోర్స్ గుమాస్తాను. అదే కంపెనీలో పోశెట్టి వడ్రంగి. ఆయనది జగిత్యాల వైపు పల్లె. వయసులో నాకంటే చాలా పెద్ద. నాకు కామెర్లు వచ్చి రూములో పడి ఉన్నప్పుడు, తగ్గేదాకా రోజూ గంజి కాచి తెచ్చి తాగించినవాడు. అందుకే ఆయన ఏదైనా అడిగితే కాదనడానికి నాకు నోరు రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పోశెట్టి ఊరివాళ్ళకు ఒక అలవాటుంది. గల్ఫ్‌కు పోయివచ్చిన మనిషికి, అతను పనిచేసిన ఊరే ఇంటిపేరైపోతుంది. వాళ్ళ ఊళ్ళో పోశెట్టిలు నలుగురట. ఒకాయన మస్కట్ పోశెట్టి, ఒకాయన బహ్రెయిన్ పోశెట్టి, ఎక్కడికీ పోనాయన ఉత్త పోశెట్టి. మనవాడు బుగేగు పోశెట్టి. మొదట వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళపాటు బుగేగులో ఉన్నాడు కనక. రైలు టికెట్ మీద అబ్‌ఖైఖ్, దారిలో బోర్డు మీద బుఖైఖ్, మనవాళ్ళ నోట బుగేగు. ఊరు మాత్రం ఒక్కటే. పోశెట్టి దమ్మామ్ వచ్చి ఎన్నేళ్ళయినా ఊళ్ళో ఆ పేరు పోలేదు. కొడుకును బడిలో కూడా బుగేగోళ్ళ పిలగాడు అనే పిలిచేవారట.

ఇప్పుడు పోశెట్టికి ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది, అంటే ఇక ఇంటికే, మళ్ళీ రావడం లేదు. మరుసటి వారం విమానం. ఊళ్ళో కొత్త ఇల్లు, ఆయన భార్య భూమక్క దగ్గరుండి కట్టించింది, దాదాపు పూర్తయింది. గుమ్మం పైన నల్లరాయి మీద ‘బుగేగు పోశెట్టి నిలయం’ అని చెక్కించాలని ఈయన కోరిక. అంతవరకు బాగానే ఉంది. ఒకరోజు మా క్యాంపు బస్సు డ్రైవరు, హైదరాబాదీ, అరబ్బీ గడగడా మాట్లాడతాడు, మెస్సులో అందరి ముందూ అన్నాడు: “పోశెట్టి భాయ్, ఆ ఊరి పేరుకు అర్థం తెలుసా? ఖట్మల్! నల్లులు!”

ఇంకేముంది. ఆ పూట నుంచి మెస్సులో నల్లుల పోశెట్టి. అన్నం ప్లేటు దగ్గర నల్లుల పోశెట్టి, స్నానాల గది ముందు వరసలో నల్లుల పోశెట్టి. ఇక్కడితో ఆగితే సరే. మా క్యాంపులో పోశెట్టి పక్క ఊళ్ళవాళ్ళే అరడజను మంది ఉన్నారు. వాళ్ళ ఫోన్లకు సెలవు లేదు కదా. ఆయన నిద్రాహారాలు మాని నా రూముకొచ్చి కూర్చున్నాడు.

“ఖాజా భాయ్, గా రాయి మీద బుగేగు అని నేనే జెక్కిచ్చుకుంటే, రేపు నా మనుమండ్లను గూడ నల్లులోల్ల పోరగాండ్లు అంటరు. మా ఊళ్ళ పేరు వడ్డదంటే పోదు. రాయి జెక్కేటాయన దినాం ఫోన్ జేస్తుండు, ఏం జెప్పాలె?”

“వాడెవడో అన్న మాటకు ఇంత బాధెందుకన్నా? నిజమో కాదో ఎవరికి తెలుసు?”

“గందుకే అంటున్న. నడువు, బుగేగు వోదాం. గాడ పుట్టిన ముసలాయన ఎవరన్న దొరుకుతడు. ఈ పేరుకు మతలబు గిది అని వీడియోల జెప్పియ్యాలె. గది సూపిస్తే ఎవ్వడు మాట్లాడడు. నువ్వు సాయెబువి గదా, అరబ్బీ నీదే గదా.”

గల్ఫ్‌లో నన్ను ఇంతకంటే విసిగించే మాట లేదు. ఇరవైసార్లు చెప్పాను, ఇరవయ్యొకటోసారీ చెప్పాను. “అన్నా, నాకు ఖురాన్ చదివేది వచ్చు. అర్థం చేసుకునేది రాదు. మాట్లాడేది అసలే రాదు. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. అరబ్బీ ఎవరు నేర్పిరి నాకు?”

“సదువుడొస్తే మాట్లాడుడు రాదా?” అన్నాడు, నేనేదో పిసినారితనంతో దాచుకుంటున్నట్టు.

నిజానికి అరబ్బీ ఆయనకే నాకంటే ఎక్కువ వచ్చు. పనిలో నేర్చిన అరబ్బీ. మేస్త్రీలతో, డ్రైవర్లతో, దుకాణాల్లో హాయిగా నెట్టుకొస్తాడు. మరి తనే అడగొచ్చు కదా అంటే, “నా పేరు మతలబు ఏందని నేనే అడుగుతనా? సూశినోడు నగడా?” అన్నాడు. గంజి గుర్తొచ్చింది. సరే అన్నాను.

*

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా దమ్మామ్ స్టేషన్‌కు చేరాం. బండి తొమ్మిదిన్నరకు. టికెట్లు ముందురోజే ఫోన్‌లో కొన్నాను. ధర ఎంతో రాయడం లేదు, ఎందుకంటే నేను చూసిన ప్రతిసారీ మారింది. ఎంత ముందు కొంటే అంత మంచిది. ఊరి పేరు ఇంగ్లీషులో చూపించగానే “గిది గాదు, మాది బుగేగు” అని పోశెట్టి మొండికేశాడు. పటం తెరిచి వేలు పెట్టి చూపిస్తే గానీ డబ్బు కట్టనివ్వలేదు.

ఇక్కడి రైల్వే స్టేషన్‌లో ఎయిర్‌పోర్టులో లాగా సామాను మెషీన్‌లో పెట్టాలి. నా దగ్గర సామాను లేదు. పోశెట్టి మాత్రం మూడు అంతస్తుల స్టీలు క్యారియర్ పట్టుకొచ్చాడు. పోయేది గంట దూరం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం, దానికి క్యారియర్! మెషీన్ దగ్గర కుర్రాడు దాన్ని విప్పించాడు. మొదటి అంతస్తులో అన్నం, రెండోదాంట్లో కోడిగుడ్ల పులుసు. మూడోదాంట్లో మామిడికాయ తొక్కు చూసి అదేమిటో తెలియక ఇంకొకతన్ని పిలిచాడు. అతను వాసన చూశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వెళ్ళండి వెళ్ళండి అని చేత్తో తోసేశాడు. వెనక వరసలో జనమంతా మమ్మల్ని తినేసేలా చూస్తున్నారు.

బండి బాగుంటుంది, శుభ్రంగా, చల్లగా. చలి ఎక్కువే, ఒక చొక్కా అదనంగా పెట్టుకోండి. కిటికీ సీటు కోసం మాత్రం కొట్లాడకండి. రెండు వైపులా ఒకే ఇసుక. మధ్య మధ్య కరెంటు స్తంభాలు, పైపులు, దూరంగా మండుతున్న గ్యాసు మంట, ఎప్పుడైనా నాలుగు ఒంటెలు. అంతే.

మా ఎదుటి సీట్లో రాయచోటి ఆయన తగిలాడు. హఫూఫ్‌లో అత్తరు దుకాణం ఉందట. మా మాటలు విని ఊరుకోలేక కలగజేసుకున్నాడు.

“ఊరి పేర్ల గురించి అడగొద్దప్పా. మా హఫూఫ్ అంటే గాలి వీచే చప్పుడు అంటారు. పదేండ్లుగా దుకాణంలో కూచోనుండా. ఏసీ గాలి తప్ప ఇంకో గాలి తగల్లే నాకు.”

“మరి దమ్మామ్?” అన్నాడు పోశెట్టి, ఆశగా.

“పడవలొస్తే డప్పు కొట్టేవాళ్ళంట, ఆ మోత నుంచి వచ్చిందని కొందరు. లేదు, సముద్రంలో సుడి ఉన్నింది, దాన్నుంచి వచ్చిందని ఇంకొందరు. ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్తారు.”

పోశెట్టి నా వైపు వంగాడు. “సూశినవా, ఒక్క ఊరికి రెండు మతలబులుంటయ్. మనకు గూడ రెండోది దొరుకుతది.” ఆ ముఖంలో వెలుగు చూసి నాకు జాలేసింది, కోపం కూడా వచ్చింది. దొరక్కపోతే ఆ వెలుగంతా ఆర్పాల్సింది నేనే.

పదిన్నరకు అబ్‌ఖైఖ్‌లో దిగాం. మాతో దిగినవాళ్ళు పదిమంది ఉంటారు, అందరి కోసం కార్లు వచ్చాయి. మా కోసం ఎవరొస్తారు? స్టేషన్ బయట టాక్సీ ఒక్కటి కూడా లేదు. ఫోన్‌లో కారు పిలిస్తే ‘వెతుకుతున్నాం’ అని అరగంట తిరిగింది. ఆఖరికి ఎవరినో దింపి వెళ్తున్న పెషావర్ పఠాన్ ఒకడు ఆపి ఎక్కించుకున్నాడు. ఎక్కడికి అని అడిగాడు. ఊళ్ళోకి అన్నాను. ఊళ్ళో ఎక్కడికి అన్నాడు. ముసలివాళ్ళు ఎక్కడుంటారో అక్కడికి అన్నాను ఉర్దూలో. అద్దంలోంచి మమ్మల్ని చాలాసేపు చూశాడు.

*

ఊరు వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. పెద్ద రోడ్లు, రెండంతస్తుల ఇళ్ళు. ఒక వైపు చమురు కంపెనీ గోడ, దాని మీద కంచె. ఫోటోలు తీయరాదని బోర్డులున్నాయి, కాబట్టి మీ ఫోన్ జేబులోనే పెట్టుకోండి. ఊరి పేరు రాసిన బోర్డు కింద తన ఫోటో తీయమని పోశెట్టి పట్టుబట్టాడు. బోర్డు వెనక కంచె కనిపిస్తోంది. నేను తీయనన్నాను. రోడ్డు పక్కన పావుగంట వాదించుకున్నాం. “ఎనిమిదేండ్లున్న ఊళ్ళె ఒక్క ఫోటువకు దిక్కులేదా?” అని అలిగి ముందు నడిచాడు.

శుక్రవారం ఉదయం సౌదీలో ఏ ఊరైనా నిద్రపోతూ ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. తెరిచినవి రెండే. ఒకటి అఫ్ఘానీ రొట్టెల కొట్టు, రెండోది బెంగాలీ టీకొట్టు. టీకొట్టతన్ని హిందీలో ఊరి పేరుకు అర్థమేమిటని అడిగితే, “కంపెనీ” అన్నాడు. ఇంకోసారి అడిగాను. “బడా కంపెనీ” అన్నాడు. అంతలో ఒక సౌదీ కుర్రాడు కారు దిగి టీ కోసం వచ్చాడు. పోశెట్టి నన్ను మోచేత్తో పొడిచాడు. అతన్ని ఇంగ్లీషులో అడిగాను. చక్కని ఇంగ్లీషులో జవాబిచ్చాడు: తనది జిద్దా, ఉద్యోగం కోసం వచ్చి నెలయింది, తనకూ ఆ సంగతి తెలుసుకోవాలనే ఉంది, తెలిస్తే చెప్పమన్నాడు.

అప్పటికి ఎండ నెత్తి మీదికొచ్చింది. జుమ్మా వేళయింది. టీకొట్టు కూడా మూసేశారు. నేను నమాజుకు వెళ్ళాలి. మసీదు గోడ నీడలో పోశెట్టిని కూర్చోబెట్టి, ఎక్కడికీ కదలొద్దని చెప్పి లోపలికి వెళ్ళాను. ఇమాం ప్రసంగం, ఖుత్బా, సాంతం వినబడింది. అల్లా సాక్షిగా, తెలిసిన మాటలు అక్కడక్కడా తగిలాయే గానీ సంగతి తెలియలేదు. పక్కన పోశెట్టి ఉంటే నాకు తర్జుమా చేసేవాడేమో.

నమాజయ్యాక బయటికొస్తే నా చెప్పులు లేవు. కొత్తవి. నాలుగు గుమ్మాలూ వెతికాను. ఎవరివో పాత రబ్బరు చెప్పులు, నా పాదంలో ముప్పాతిక వంతు ఉన్నవి, ఒక్క జత మిగిలింది. అవే వేసుకుని, మడమలు కాలుతుండగా గోడ దగ్గరికి వచ్చాను. పోశెట్టి అక్కడ లేడు.

రోడ్డవతల చెట్టు కింద ఒక పాత పికప్ ఆగి ఉంది. దాని వెనక తలుపు దించి, మీద కూర్చుని, పోశెట్టి చిన్న కప్పులో ఖావా, అరబ్బుల కాఫీ, తాగుతున్నాడు. పక్కన తెల్లగడ్డం సౌదీ ముసలాయన. డెబ్బై దాటి ఉంటాయి. ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి పోశెట్టి ఉత్సాహంగా చెప్పాడు: “ఈయన పేరు అబూ సాలెం. గీడ్నే పుట్టిండు, గీడ్నే పెరిగిండు. తాత గూడ గీడి ఒంటెలోడే. మోకాలి నొప్పికి నువ్వులనూనె మంచిదని జెప్తున్న.”

“మరి అడిగితివా?”

“ఏంది?”

“ఏందేంది అన్నా! పేరు!”

“నువ్వొచ్చినంక అడుగుతవని ఆగిన.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. పొద్దున్నుంచి తిరిగి తిరిగి, చెప్పులు పోగొట్టుకుని, తీరా ఎవరి కోసం వచ్చామో ఆ మనిషి దొరికితే ఈయన మోకాలి నొప్పి గురించి మాట్లాడుతున్నాడు. ఫోన్ తీశాను. వీడియో తీయవచ్చా అని సైగ చేశాను. అబూ సాలెం తలగుడ్డ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఖురాన్‌లో తెలిసిన నాలుగు మాటలు ఏరి కూర్చి, ఈ ఊరికి ఈ పేరు ఎందుకు అని అడిగాను. నా అరబ్బీ ఆయనకు ఖుత్బాలా వినిపించిందేమో, పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఫోన్ తెరలో ఆయన పక్కన పోశెట్టి ముఖం కనిపిస్తోంది. వింటున్నకొద్దీ అది వాడిపోయింది.

“ఏమన్నాడన్నా?”

“నాకెర్కలే,” అన్నాడు పోశెట్టి, నేల చూస్తూ.

అబద్ధమని ఇట్టే తెలిసింది. అబూ సాలెంకు కూడా తెలిసినట్టుంది. నాకు అర్థం కాలేదనుకుని పాపం మళ్ళీ, ఈసారి చేతులతో చెప్పాడు. అరచేయి దొన్నెలా పెట్టి నీళ్ళు చూపించాడు. ఒంటెలు వచ్చి తాగడం చూపించాడు. ఆ తర్వాత రెండు వేళ్ళు దగ్గరపెట్టి చిన్న పురుగంత చూపించి, ముంజేయి పరపరా గోక్కున్నాడు. గోక్కుని గోక్కుని నవ్వాడు. ఇంక తర్జుమా అక్కర్లేకపోయింది.

నేను ఓదార్చడానికి చూశాను. “నీళ్ళ దగ్గర ముసిరే పురుగులన్నా అవి. నల్లులు కావేమో, దోమల్లాంటివి.”

“నల్లులోడు గాదు, దోమలోడు అంటరు. మస్తు మంచిగుంటది!” అన్నాడు.

“ఇంకో మాట కూడా ఉందేమో అడుగు. దమ్మామ్‌కు రెండు లేవూ?”

అడిగాడు, ఈసారి తనే. ఉందట. నీళ్ళు బుడబుడమని పైకి ఉబికేవి కాబట్టి ఆ పేరొచ్చిందని తన తాత అనేవాడట. రెంటిలో ఏది నిజమని అడిగితే, అబూ సాలెం రెండూ నిజమే అన్నాడట. నీళ్ళు లేనిచోటికి పురుగులెందుకు వస్తాయన్నాడట. వీడియోలో సగం పనికొస్తుంది, సగం పనికిరాదు. పనికొచ్చే సగం కత్తిరించి చూపించు అన్నాను. పోశెట్టికి అది నచ్చలేదు. “సగం మాట అవద్ధమే గదా భాయ్.”

*

అప్పుడు అబూ సాలెం అడిగాడు, నువ్వు ఇక్కడ ఏ వీధిలో ఉండేవాడివి అని. పోశెట్టి తమ క్యాంపు గుర్తులు చెప్పాడు. రెండు పెద్ద నీళ్ళ ట్యాంకులు, పక్కన పెట్రోలు బంకు, పడమటి వైపు రోడ్డు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఏదో అని, పికప్ తలుపు తెరిచి ఎక్కమన్నాడు.

మధ్యాహ్నం రెండయింది. ఇసుక మధ్య ఒంటరి రోడ్డు మీద అరగంట పైగా పోయాం. నేను మధ్యలో, గేరు కర్ర మోకాలికి కొట్టుకుంటూ. పికప్‌లో ఏసీ లేదు. ఒళ్ళో క్యారియర్. చివరికి రోడ్డు పక్కన ఆపాడు. అక్కడ క్యాంపు లేదు. ఎప్పుడో కూల్చేశారు. సిమెంటు గచ్చులు వరసగా మిగిలాయి, ట్యాంకులు నిలబెట్టిన దిమ్మెలు మిగిలాయి. పోశెట్టి దిగి, తడుముకోకుండా ఒక గచ్చు మీదికి నడిచి నిలబడ్డాడు.

అబూ సాలెం ఆయనకు నిదానంగా చెప్పాడు. పోశెట్టి నాకు తెలుగులో చెప్పాడు.

“ఇది బుగేగు గాదంటుండు. బుగేగు ఎన్కనే అయిపోయిందట. ఈ జాగను అయిన్ దార్ అంటరట.”

“మరి మీరు బుగేగని ఎందుకనుకుంటిరి?”

“శుక్రారం శుక్రారం కంపెనీ బస్సు బుగేగుల దింపేది. సామాన్లు కొనుడు గాడ, ఇంటికి ఫోన్ జేసుడు గాడ, మనుషులను సూసుడు గాడ. అందరం క్యాంపును గూడ బుగేగనే అన్నం. ఇంటికి గట్లనే జెప్పిన.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదేళ్ళు ఉన్న ఊరి పేరు తెలుసుకోకుండా, సంతకు పోయిన ఊరి పేరు ఇంటికి రాసి పంపినవాళ్ళు మనవాళ్ళు తప్ప ఇంకెవరుంటారు? అయితేనేం, చిక్కు విడిపోయింది. అయిన్ అంటే ఊట అని నాకు కూడా తెలుసు, అది ఖురాన్‌లో ఉన్న మాటే. నీళ్ళ ఊట! ఎంత చల్లని పేరు! పోశెట్టి భుజం తట్టి చెప్పాను. “అన్నా, నీది బుగేగే కాదు. నల్లులతో నీకు సంబంధమే లేదు. రాయి మీద అయిన్ దార్ పోశెట్టి అని చెక్కించు. ఊట దగ్గర ఉన్నవాడివని చెప్పుకో. ఈ ముసలాయన చేతనే ఇప్పుడే వీడియోలో చెప్పిస్తా.” ఫోన్ కూడా తీశాను.

పోశెట్టి కదల్లేదు. గచ్చు మీద ఒక మూల చూపించాడు. “గిది నా మంచం జాగ.”

“సరే అన్నా, మాట్లాడు, వీడియో తీస్తాండా.”

“మంచం కోళ్ళు నాలుగు డబ్బాలల్ల వెట్టి, డబ్బాలల్ల కిరోసిన్ పోసేటోల్లం, నల్లులు ఎక్కకుంట. కిందికెల్లి ఎక్కరాకపోతే గోడ ఎక్కి, పైనుంచి దుంకేటివి. పన్నెండు మందిమి ఒక రూముల. దినమంత పైపుల కాడ ఎండ తాగేది, వచ్చి పంటే నల్లులు తాగేటివి. ఎనిమిదేండ్లు.”

“అందుకే చెప్తాండా, ఆ పేరు వదిలెయ్.”

“ఊట అంటున్నవు. ఏ ఊట భాయ్? మాకు ట్యాంకరొచ్చేది నీళ్ళకు. ఊటను నేనెన్నడు సూడలే. సూడని ఊట పేరు నా గుమ్మం మీద ఎట్ల వెట్టుకోవాలె? నల్లులైతే నా రక్తం తాగినయ్. ఆ పేరు నాది గాదంటే ఎట్ల?”

పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నాడట ఒకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచి ఆ పేరు వదిలించడానికే కదా తిరిగింది? చెప్పులు పోయింది దానికే కదా? అరిచేద్దామని నోరు తెరిచాను. ఆయన కళ్ళు చూసి మూసుకున్నాను. అబూ సాలెం మా గొడవ ఏమిటని అడిగాడు. పోశెట్టి గోక్కుంటున్నట్టు చేసి చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముసలాయన ఈసారి నవ్వలేదు. పోశెట్టి భుజం మీద చెయ్యేసి, ముగ్గురం తినేదాకా అక్కడే ఆ గచ్చు మీద కూర్చున్నాడు. అన్నం మూడు వంతులు చేశాం. తొక్కు ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు.

*

నాలుగున్నరకు ముసలాయనే స్టేషన్‌లో దింపాడు. బండి అయిదుకు రావాలి, పది నిమిషాలు ఆలస్యం. సీట్లో కూర్చోగానే పోశెట్టి ఇంటికి వీడియో కాల్ చేశాడు, స్పీకర్ పెట్టి. పెద్దగా పెట్టొద్దని చెప్పాను. వినలేదు. తెర మీద భూమక్క కనిపించింది, తల మీద సిమెంటు దుమ్ము.

“భూమా, రాయి మీద బుగేగు అనే జెక్కుమను.”

“ఏమాయె? మొన్న ఆగుమంటివి.”

బండిలో జనం చూస్తున్నారు. “బుగేగంటే నల్లులట. అయితే గానియ్, అనుకుంటే అనుకోని. గదే ఉండని.”

“గిది తెల్సుకునుడుకు అంత దూరం వోయినవా?” భూమక్క నవ్వలేదు, కోప్పడ్డది. “నువ్వు సెలవు మీద వచ్చినప్పుడల్ల నీ పెట్టెను ఏనాడన్న సీదా ఇంట్లకు రానిచ్చిన్నా? వాకిట్ల ఎండల వెట్టి, మసిలిన నీళ్ళు వోసి, ఒక్కో కుట్టుల ఏరి సంపింది ఎవరు? నీ వీపుకు కొబ్బరినూనె రాసింది ఎవరు? బుగేగు అంటే ఏందో నాకు గప్పుడే తెల్సు. నీకొక్కనికే తెల్వది.”

ఈ ముక్క ముందే అడిగి ఉంటే నా శుక్రవారం, నా చెప్పులు రెండూ మిగిలేవి.

“రాయి పొద్దుగాల్నే కూసుండవెట్టిన్రు,” అంది ఆవిడ. “నీ ఫోన్ కొరకు ఎన్నడిదాంక ఆగాలె?”

“ఏమని జెక్కిన్రు?”

ఆవిడ ఫోన్ తిప్పి పైకి పట్టుకుంది. కొత్త గుమ్మం, దాని మీద నల్లరాయి, పసుపు కుంకుమ బొట్లు. తెల్లని అక్షరాలు ఇంత దూరానికీ స్పష్టంగా కనిపించాయి. ‘బుగేగు భూమక్క ఇల్లు’.

“నా పేరేది?” అన్నాడు పోశెట్టి, చాలా చిన్నగా.

“నిన్ను కుట్టినయ్, గంతే. సంపింది నేను, ఇల్లు కట్టిచ్చింది నేను. నువ్వు ముందుగాల రా,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత దమ్మామ్ వచ్చేదాకా ఆయన కిటికీలోంచి ఇసుకనే చూస్తూ కూర్చున్నాడు. అబ్‌ఖైఖ్ గురించి మీకు చెప్పాల్సింది ఇంతకంటే లేదు. పాత చెప్పులతో వెళ్ళండి, జుమ్మా కాకముందు ఎవరినీ వెతకొద్దు, అరబ్బీ వచ్చినవాణ్ణి తీసుకెళ్ళండి. స్టేషన్ దగ్గర పడుతుండగా పోశెట్టి నా వైపు తిరిగాడు.

“ఖాజా భాయ్, ఒక్కపాలి సదువు, ఎట్లుంటదో విందాం.”

“బుగేగు భూమక్క ఇల్లు,” అని చదివినట్టే పైకి అన్నాను.

“మంచిగనే ఉన్నది,” అని ఆయన క్యారియర్ అందుకున్నాడు.